చెత్తకుండీలో మొదలైన ఖాతా పుస్తకాలు

1980లో అమెరికాలో రెండు చిన్న సంస్థలు పుట్టాయి. ఒకటి న్యూయార్క్ చైనాటౌన్‌లో, రెండోది మసాచుసెట్స్ రాష్ట్రంలో. మొదటిది చైనా నుంచి వలస వచ్చినవాళ్ల చరిత్ర కోసం, రెండోది తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ కోసం. ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేని ఈ రెండింటికీ తొలి ఆస్తి మాత్రం ఒకేలాంటి చోట దొరికింది: చెత్తకుండీలో.

చైనాటౌన్‌లో అప్పుడు పాత దుకాణాలు మూతపడుతున్నాయి. కుటుంబాలు లేకుండా ఒంటరిగా బతికిన తొలితరం వలస కార్మికులు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు. వాళ్ల ఉత్తరాలు, ఫొటోలు, లాండ్రీ సామాను, దుకాణాల బోర్డులు వీధిలోకి వచ్చిపడుతుంటే చరిత్రకారుడు జాన్ కువో వే చెన్, స్థానిక కార్యకర్త చార్లెస్ లాయ్ కలిసి వాటిని ఏరడం మొదలుపెట్టారు. దానికి ‘న్యూయార్క్ చైనాటౌన్ హిస్టరీ ప్రాజెక్ట్’ అని పేరు పెట్టుకున్నారు.

ఇటు యిడ్డిష్ సంగతి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటిమందికి పైగా మాట్లాడిన భాష. నాజీల మారణహోమంలో మాట్లాడేవాళ్లలో చాలామంది లేకుండా పోయారు. అమెరికా చేరినవాళ్ల పిల్లలు ఇంగ్లిష్‌లోకి మారారు. తాత చనిపోతే ఆయన అలమారలోని పుస్తకాలు చదవగలిగేవాళ్లు ఇంట్లో ఉండరు, అందుకని బయట పడేస్తారు. మాంట్రియల్‌లో యిడ్డిష్ సాహిత్యం చదువుతున్న ఇరవై నాలుగేళ్ల ఏరన్ లాన్స్కీకి పాఠ్యపుస్తకాలే దొరకలేదు. వెతకడం మొదలుపెడితే ఎక్కడెక్కడి ముసలివాళ్లూ పిలిచి ఇవ్వసాగారు. ఉత్తర అమెరికా మొత్తం గాలిస్తే ఓ 70,000 పుస్తకాలు దొరుకుతాయేమోనని పండితులు లెక్కవేశారు. లాన్స్కీ బృందం ఆరు నెలల్లోనే అన్ని పోగేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య పది లక్షలు దాటింది.

ఇలాంటి సంస్థల జమాఖర్చుల్లో మొదటి అధ్యాయం ఎప్పుడూ ఇదే. డబ్బు ఉండదు, ఒంటి చాకిరీ ఉంటుంది. అడిగి తెచ్చుకున్న ట్రక్కు, వేడి సదుపాయం లేని పాత ఫ్యాక్టరీ మేడ, జీతం అడగని మిత్రులు. లాన్స్కీ తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక సరదా ఏర్పాటు గురించి రాశాడు. పుస్తకాలు తీసుకోవడానికి ముగ్గురు వెళ్లేవాళ్లట. ఇద్దరు మోయడానికి, మూడోవాడు తినడానికి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఒక్కో పుస్తకం కథ చెప్పకుండా, కడుపునిండా తినిపించకుండా వదిలేవాళ్లు కాదు మరి. మన అమ్మమ్మల ఇళ్లకు వెళ్లినవాళ్లకు ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ తినేవాడి శ్రమ సంగతి సరే, మోసేవాళ్ల శ్రమ కూడా ఖాతా పుస్తకంలో కనపడదు. స్వచ్ఛందంగా పనిచేసిన గంటలను అమెరికా లెక్కల పద్ధతి చాలావరకు ఆదాయంగా చూపనివ్వదు. కాగితం మీద సంస్థ నిరుపేద. నిజానికి లక్షల డాలర్ల పని జరుగుతూ ఉంటుంది. ప్రమాదం ఎక్కడంటే, ఆ యువకులకు పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఉద్యోగాలు కావలసివచ్చిన రోజున అదే పనికి జీతాలివ్వాలి. చిన్న సంస్థలు చాలా వరకు ఈ మలుపు దగ్గరే ఆగిపోతాయి. స్థాపకుడి ఓపికే వాటి మూలధనం, ఓపిక అయిపోతే మూలధనం అయిపోయినట్టే.

లాన్స్కీ ఈ మలుపు దాటిన తీరు గమనించదగ్గది. పెద్ద యూదు సంస్థల తలుపులు తడితే యిడ్డిష్ చచ్చిపోయిన భాష అన్నారు. దాంతో ఆయన మామూలు జనానికి ఉత్తరాలు రాశాడు. ఏడాదికి చిన్న చందా కట్టే సభ్యులు పదులూ వందలూ దాటి వేలల్లోకి వచ్చారు. ఒకటికి పది ప్రతులు దొరికిన పుస్తకాలను సెట్లుగా కూర్చి విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు అమ్మారు. అంటే చేయాల్సిన పనీ, వచ్చే ఆదాయమూ ఒకే చోట కలిశాయి. ఇది అందరికీ కుదిరే అదృష్టం కాదు. 1989లో లాన్స్కీకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. డబ్బు కన్నా దాని వెంట వచ్చిన పేరు ఎక్కువ పనిచేసింది. అప్పటిదాకా ‘ఎవరీ కుర్రాడు’ అన్నవాళ్లు చెక్కుపుస్తకాలు తీశారు.

చిన్న చందాల్లో ఒక సుఖం ఉంది. ఒక దాత అలిగి వెళ్లిపోతే సంస్థ కూలదు. ఒక కష్టమూ ఉంది. వారసత్వ సంస్థల సభ్యులు సాధారణంగా వయసు మళ్లినవాళ్లు. ఏటా సంస్మరణ ప్రకటనలు పెరిగేకొద్దీ సభ్యత్వ జాబితా తగ్గుతుంది. అందుకే ఇలాంటి సంస్థలు వీలునామాల గురించి సిగ్గుపడకుండా మాట్లాడటం నేర్చుకుంటాయి. బతికున్నంతకాలం యాభై డాలర్లు పంపిన టీచరమ్మ పోయేటప్పుడు ఇల్లు రాసిచ్చే సందర్భాలు అమెరికాలో అరుదేమీ కాదు. అయితే ఏ ఏడాది ఏ వీలునామా వస్తుందో ఎవరూ బడ్జెట్‌లో రాయలేరు.

ఇక భవనం.

1997లో లాన్స్కీ సంస్థ యిడ్డిష్ బుక్ సెంటర్ ఆమ్హర్స్ట్‌లో హాంప్‌షైర్ కాలేజీ పక్కన, ఆపిల్ తోటలో సొంత భవనం కట్టుకుంది. పాత తూర్పు యూరప్ పల్లెల కప్పులను గుర్తుచేసే చక్కటి కట్టడం. 2009లో దానికి మరో భవనం జతపడింది. ఆ రెండో భవనానికి దాతల కుటుంబం పేరు ఉంది. డిజిటల్ గ్రంథాలయానికి సినీ దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ పేరు, వేసవి పాఠాలకు ఇంకొకరి పేరు, మౌఖిక చరిత్రల ప్రాజెక్టుకు మరొకరి పేరు. మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాసినట్టే ఇదీను. ఫ్యాను ఇవ్వడానికి పదిమంది ముందుకొస్తారు. ఆ ఫ్యాను తిరగడానికి కట్టే కరెంటు బిల్లు మీద పేరు రాసే చోటు లేదు కాబట్టి దానికి ఎవరూ రారు.

చిన్న సంస్థల ఆర్థిక చరిత్రలో చిక్కంతా ఇక్కడే ఉంది. దానం చేసేవాడు ‘ఇది ఫలానా పనికే’ అని షరతు పెట్టి ఇవ్వవచ్చు. ఆ డబ్బును వేరే పనికి వాడటం నమ్మకద్రోహమే కాదు, చట్టవిరుద్ధం కూడా. బ్యాంకులో కోటి డాలర్లు మూలుగుతున్నా, అవన్నీ భవనం కోసం ఇచ్చినవైతే గ్రంథపాలకురాలి వచ్చే నెల జీతానికి వెతుక్కోవాల్సిందే. బయటివాళ్లకు ఇది అర్థం కాదు. ‘అంత డబ్బుండి ఇంకా అడుగుతారేంటి’ అని సభ్యులే విసుక్కుంటారు.

చైనాటౌన్ సంస్థ కథలో ఈ చిక్కు మరింత పదునుగా కనిపిస్తుంది. అది 1980ల్లో మల్బరీ స్ట్రీట్ 70వ నంబరులో ఉన్న పాత బడి భవనంలోకి చేరింది. భవనం నగరానిది. చైనీస్ లాండ్రీ కార్మికుల మీద వాళ్లు పెట్టిన ప్రదర్శన పేరు తెచ్చింది. గ్రాంట్ల మీద గ్రాంట్లు రాస్తూ, పేర్లు మార్చుకుంటూ, చివరికి మ్యూజియం ఆఫ్ చైనీస్ ఇన్ అమెరికాగా నిలబడింది. 2009లో సెంటర్ స్ట్రీట్‌లో, వాస్తుశిల్పి మాయా లిన్ తీర్చిదిద్దిన కొత్త చోటికి ప్రదర్శనలు మారాయి. సేకరించిన సామాను మాత్రం ఆ పాత బడి భవనంలోనే ఉండిపోయింది.

2020 జనవరి 23 రాత్రి ఆ పాత భవనం అంటుకుంది. చైనా వాళ్ల కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు. 85,000 వస్తువులు, కాగితాలు లోపల. మంటల కన్నా ఆర్పడానికి కొట్టిన నీళ్లు ఎక్కువ భయపెట్టాయి. మొదట అంతా పోయిందనుకున్నారు. తడిసిన పెట్టెలు బయటికొచ్చాక చూస్తే చాలావరకు దక్కించుకోవచ్చని తేలింది. దాదాపు 35,000 వస్తువులకు అప్పటికే డిజిటల్ ప్రతులున్నాయి. ఏ దాతా తన పేరు చెక్కించుకోని చోట, స్కానర్ ముందు ఎవరో కూర్చుని చేసిన పని అది.

ఆ తర్వాత రెండు నెలలకే కరోనా. టికెట్లు లేవు, విందులు లేవు. ఏటా జరిపే నిధుల సేకరణ విందు మీద ఇలాంటి సంస్థలు ఎంత ఆధారపడతాయో ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది. చిత్రమేమిటంటే, అన్నీ ఆగిపోయిన ఆ రెండేళ్లలోనే ఆ మ్యూజియానికి ఎన్నడూ రానంత డబ్బూ వచ్చింది. మంటల గురించి విన్న జనం ఆన్‌లైన్‌లో పంపారు. 2020లో ఫోర్డ్ ఫౌండేషన్ నల్లజాతి, ఆసియా, లాటిన్, ఆదివాసీ కళాసంస్థల కోసం పెట్టిన పథకంలో తొలి విడత ఎంపికైన 20 సంస్థల్లో ఇదొకటి. ఒక్కో సంస్థకు పది లక్షల నుంచి అరవై లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. 2021లో దానశీలి మెకెంజీ స్కాట్ యాభై లక్షల డాలర్లు ఇచ్చారు. ఆమె దానాల ప్రత్యేకత ఏమిటంటే సాధారణంగా షరతులుండవు. జీతాలకు వాడుకోండి, కప్పు బాగుచేసుకోండి, దాచుకోండి, మీ ఇష్టం అంటారు. చిన్న సంస్థల ఖజానాదారులు ఆమె పేరు చెబితే ఎందుకు చేతులు జోడిస్తారో ఇప్పుడు తెలిసే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద మొత్తం మాత్రం మంటలకు ముందే ఖరారైంది, తలనొప్పిని వెంటబెట్టుకుని. రైకర్స్ ద్వీపంలోని జైలు మూసేసి, దాని బదులు నగరంలో నాలుగు చోట్ల కొత్త జైళ్లు కట్టాలని న్యూయార్క్ నగర మండలి 2019 అక్టోబరులో తీర్మానించింది. వాటిలో ఒకటి చైనాటౌన్ అంచునే. జైలు వచ్చే పేటలకు పరిహారంగా ప్రకటించిన వరాల్లో ఈ మ్యూజియం శాశ్వత భవనానికి 3.5 కోట్ల డాలర్లు ఉన్నాయి. పేటలో గొడవ మొదలైంది. జైలుకు తాము అనుకూలం కాదని మ్యూజియం చెప్పింది. ‘అయితే ఆ డబ్బు వద్దనండి’ అన్నారు వ్యతిరేకులు. 2021లో ఆసియా అమెరికన్ కళాకారుల బృందం ‘గాడ్జిల్లా’ గురించి జరగాల్సిన ప్రదర్శన నుంచి 19 మంది కళాకారులు తప్పుకున్నారు, ప్రదర్శన ఆగిపోయింది. మ్యూజియం గుమ్మం ముందు ఏ జనం చరిత్ర లోపల ఉందో ఆ జనమే ప్లకార్డులు పట్టుకున్నారు. 2022లో మాయా లిన్ గీసిన కొత్త భవనం నమూనా బయటపెట్టారు. అంచనా 11.8 కోట్ల డాలర్లు.

ఇందులో ఎవరిది తప్పు అనేది పక్కన పెడదాం. లెక్కల మనిషి దృష్టిలో చూస్తే సంగతి ఇది: ప్రభుత్వం భవనానికని ఇచ్చే డబ్బు భవనానికే. ఆ భవనం తెరుచుకున్నాక కావలసిన కాపలా, బీమా, ఏసీ, మరమ్మతు, సిబ్బంది ఖర్చు దాంట్లో ఉండదు. వీధి చివర రెండు గదుల్లో ఉన్నప్పుడు సంస్థకు ఏడాదికి అయ్యే ఖర్చును ఒక్కసారి ఎన్నో రెట్లు పెంచేది సొంత భవనమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1975లో పుట్టిన మెక్సికన్ మ్యూజియం సొంత ఇంటి కోసం దశాబ్దాలు ఎదురుచూసింది. దానికి చోటిస్తామన్న ఆకాశహర్మ్యం లేచి నిలబడింది, అపార్ట్‌మెంట్లు అమ్మకానికి వచ్చాయి, లోపల మ్యూజియాన్ని సిద్ధం చేసే డబ్బే కూడలేదు.

కుదిరిన చోట కుదిరింది కూడా. సియాటిల్‌లో వింగ్ లూక్ అనే చైనీస్ అమెరికన్ 1962లో నగర మండలికి ఎన్నికై, 1965లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఆయన పేరుతో 1967లో ఒక చిన్న దుకాణం గదిలో మ్యూజియం తెరిచారు. అది 2008లో మారిన భవనం 1910 నాటిది, 170 మంది చైనా వలసదారులు తలా కొంత వేసుకుని కట్టించినది. మార్పుకు 2.3 కోట్ల డాలర్లు పోగుచేశారు. నలభై ఏళ్లు ఆ పేట జనంతోనే ప్రదర్శనలు తయారుచేయించిన సంస్థ కాబట్టి, అడిగేసరికి ఇచ్చేవాళ్లు ఎవరో దానికి ముందే తెలుసు. దుకాణం గది నుంచి ఆ భవనానికి నలభై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ నిదానమే దాన్ని కాపాడిందని చెప్పాలి.

ఇవన్నీ బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి? అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన సంస్థలు ఏటా 990 అనే ఫారం దాఖలు చేయాలి (గుళ్లు, చర్చిలకు మినహాయింపు ఉంది). ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థకు చిన్న ఎలక్ట్రానిక్ కార్డు చాలు. రాబడి 2 లక్షల డాలర్లు, ఆస్తి 5 లక్షల డాలర్ల లోపైతే పొట్టి ఫారం. ఆపైన పూర్తి ఫారం: ఆదాయం, జీతాలు, బోర్డు సభ్యులు, మిగులు అన్నీ. వరసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే మినహాయింపు దానంతటదే పోతుంది. ఈ నిబంధన కింద 2011లో తొలి జాబితా వేసినప్పుడు సుమారు 2,75,000 సంస్థల పేర్లు కొట్టేశారు. అందులో ఎప్పుడో మూతపడినవీ ఉన్నాయి, కార్యదర్శి మారినప్పుడు కాగితాలు చేతులు మారక దెబ్బతిన్న చిన్న సంఘాలూ ఉన్నాయి.

అయితే ఒక్క ఏడాది ఫారం చూసి తీర్పు చెప్పేవాళ్లు తరచూ పప్పులో కాలేస్తారు. ఊహకు ఒక సంస్థను తీసుకుందాం. మూడేళ్లలో వాడటానికి షరతుల్లేని మాటగా 3 లక్షల డాలర్ల గ్రాంట్ ఖాయమైంది. లెక్కల సూత్రం ప్రకారం ఆ మొత్తాన్నీ మాట ఇచ్చిన ఏడాదే రాబడిగా రాయాలి. ఆ ఏడాది సంస్థ కళకళలాడుతుంది. తర్వాతి రెండేళ్లు అదే గ్రాంట్ ఖర్చు పెడుతుంటే నష్టం కనపడుతుంది. నిజానికి మూడేళ్లూ ఒకే తీరున నడిచింది. మొదటి ఏడాది ఫారం చూసినవాడు ‘వీళ్లకేం తక్కువ’ అంటాడు, మూడో ఏడాదిది చూసినవాడు ‘దివాలా’ అంటాడు. పదేళ్ల ఫారాలు వరసగా పరుచుకుంటే తప్ప బొమ్మ కనపడదు.

ఆ పదేళ్ల వరసలో నిలకడగా పెరగాల్సింది శాశ్వత నిధి. అసలును ముట్టకుండా, ఏటా నాలుగైదు శాతం మాత్రమే తీసుకుని వాడుకునే నిధి. పాత కాగితాలు చూసుకునే ఒక ఉద్యోగికి ఏడాదికి 60,000 డాలర్లు జీతం ఇవ్వాలంటే, నాలుగు శాతం లెక్కన 15 లక్షల డాలర్ల నిధి ఉండాలి. ఒక్క మనిషికి! నిధుల విందులో ఈ అంకె చెబితే చప్పట్లు పడవు. శిలాఫలకం మీద చెక్కడానికి ఏమీ లేదు కదా.

ప్రభుత్వ గ్రాంట్లు ఎంత నమ్మదగ్గవో 2025 ఏప్రిల్ తేల్చింది. మానవీయ శాస్త్రాల జాతీయ నిధి సంస్థ వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలో రద్దు చేసింది. పని మొదలై, మనుషుల్ని పెట్టుకున్నాక ఉత్తరాలు వచ్చాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు కోర్టుకెళ్లగలవు. ఇద్దరు ఉద్యోగులున్న సంస్థకు కోర్టు దాకా వెళ్లే బస్సు ఖర్చు కూడా లెక్కే. చిన్న దాతల మీదా మరో దెబ్బ పడింది. 2018 నుంచి ఆదాయపన్నులో అందరికీ ఇచ్చే ప్రామాణిక తగ్గింపు దాదాపు రెట్టింపు కావడంతో, విరాళాలు చూపి పన్ను తగ్గించుకునే కుటుంబాలు మూడో వంతు నుంచి పదో వంతుకు పడిపోయాయి. వంద డాలర్లు ఇచ్చేవాడు చాలా ఏళ్లు కేవలం ప్రేమతోనే ఇవ్వాల్సి వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ గొడవంతా ఎందుకంటే, అమెరికాలో మన సంఘాలదీ ఇదే చట్టం, ఇవే ఫారాలు. 1977లో న్యూయార్క్‌లో తొలి ఉత్తర అమెరికా తెలుగు మహాసభ జరిగింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా ఆ ఊపులోంచే వచ్చింది. రెండేళ్లకోసారి మహాసభలు, సినిమా తారలు, వేలమందికి భోజనాలు మనకు బాగా తెలిసిన దృశ్యం. లక్షల డాలర్లు వస్తాయి, మూడు రోజుల్లో చాలావరకు ఖర్చైపోతాయి. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, పండగ కూడా వారసత్వమే. కానీ తొలితరం తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్లు తెచ్చుకున్న పుస్తకాలు, తొలి సంఘాల కరపత్రాలు, ఇంటికి రాసిన ఉత్తరాలు గ్యారేజీల్లో ఉన్నాయి. పిల్లలకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. లాన్స్కీకి పుస్తకాలు దొరికిన ఇళ్లు సరిగ్గా ఇలాంటివే.

తెలుగు పాఠాల విషయంలో కొంత మేలు జరిగింది. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి లాంటివి ఫీజులతో, స్వచ్ఛంద గురువులతో నడుస్తున్నాయి. ఏటా తిరిగి వచ్చే రాబడి కాబట్టి నిధుల విందు కన్నా అది గట్టి పునాది. చాలామంది తెలుగువాళ్లు పనిచేసే ఐటీ కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలిపి ఇస్తాయి, కొన్ని సేవ చేసిన గంటలకూ లెక్కకట్టి ఇస్తాయి. ఫారం నింపే ఓపిక లేక ఈ డబ్బు వదులుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

కాబట్టి ఈసారి ఏ సంఘమైనా విరాళం అడిగితే, లేదనకుండా ఇవ్వండి. ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు వేయండి: శాశ్వత నిధి ఎంత ఉంది, పాత కాగితాలు చూసే మనిషి ఉన్నాడా. వీలైతే మీ చెక్కు మీద షరతు రాయకండి. గత మూడేళ్ల 990 ఫారాలు చూపించమని ఎవరడిగినా, సభ్యుడు కాకపోయినా సరే, ఆ సంస్థ చూపించి తీరాలి. ప్రతి కావాలంటే నకలు, తపాలా ఖర్చులు మాత్రమే తీసుకోవచ్చు. చట్టం అలాగే ఉంది.